బెదురమ్మ ముక్కు

అనగనగా ఒక అడవిలో ఓ చుక్కల జింకల మంద. ఆ మందలో బెదురమ్మ అని ఒక పెద్ద లేడి ఉండేది. ఆమెకు అన్నీ అనుమానాలే. ఆకు కదిలితే అనుమానం, కదలకపోతే ఇంకా అనుమానం!

ఏటా వేసవికి అడవి సభ కూర్చుని, ఏ మంద ఎక్కడ నీళ్లు తాగాలో తేల్చేది. సభకు తమ తరఫున ఎవరు వెళ్లాలో జింకలు ముందే ఎన్నుకోవాలి. ఏళ్ల తరబడి కొమ్మన్న అనే దుప్పే వెళ్తున్నాడు. వెళ్లిన ప్రతిసారీ మొసళ్ల మడుగే అడిగి వస్తున్నాడు. కిందటి వేసవిలో బెదురమ్మ పెద్ద కూతురు ఆ మడుగు పాలైంది. ఇక ఆమెకు మిగిలింది చుక్కి ఒక్కతే.

ఈసారి చెంగి అనే పడుచు లేడి పోటీకి దిగింది.

"ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుందాం. సభలో ఆ ఇసుక తిన్నె నేను అడుగుతాను. మొసళ్లు పెట్టే తామర తూడులు తిన్న నోరు ఆ మాట అడగలేదు. నేను ఒక్క తూడూ ముట్టను" అంది చెంగి.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, కొమ్మన్న గబగబా మూతి నాక్కున్నాడు. తామరలు నడి మడుగులో ఉంటాయి. మొసళ్లు తెచ్చిస్తే తప్ప జింకలకు అందవు మరి!

బెదురమ్మ చెంగిని పక్కకు పిలిచింది. "ఏమే, ఇందులో నీకేం లాభం?"

"ఏముంది పెద్దమ్మా, నాకూ దాహం వేస్తుందిగా."

'లాభం లేదంటోందంటే పెద్ద లాభమే ఉండి ఉంటుంది' అనుకుంది బెదురమ్మ.

ఆ మందలో ఒక ఆచారం ఉంది. ఎన్నికకు ముందు పోటీదారుల నోటి వాసన చూస్తారు. తూడు తిన్న నోరు బురద వాసన కొడుతుంది. అలా పరాయి తిండి తిన్నవాళ్లు సభకు పనికిరారు. ఆ వాసన చూసే పని బెదురమ్మది.

ఆ సంగతి మొసలికీ తెలుసు. ఒకరోజు అది, మడుగు ఒడ్డున మేస్తున్న బెదురమ్మ ముందుకు ఒక తూడు నెట్టింది. బెదురమ్మ వెనక్కి గెంతింది. మర్నాడు ఇంకొకటి నెట్టింది. బెదురమ్మ వాసన చూసి వదిలేసింది. మూడోనాడు మొసలి, "నీకు కాదు అక్కయ్యా, పాపకు. నిన్నేమీ అడగనులే" అంది.

చుక్కి ఉరికి సగం తినేసింది. పారేయడం ఎందుకని మిగతా సగం బెదురమ్మ తింది. మొసలి నిజంగానే ఏమీ అడగలేదు. అడిగి ఉంటే ఆమె అనుమానించేదే. తర్వాత రోజూ తూడు వచ్చేది. రోజూ తల్లీబిడ్డా తినేవారు.

ఎన్నిక రోజు వచ్చింది. బెదురమ్మ కొమ్మన్న నోరు వాసన చూసింది. ఏమీ తెలియలేదు. చెంగి నోరు వాసన చూసింది.

"కొమ్మన్న నోరు శుభ్రం. ఈ పిల్ల నోట్లోనే ఏదో తేడా వాసన వస్తోంది" అంది.

"అది ఆకలి వాసన పెద్దమ్మా" అంది చెంగి.

ఎవరూ వినలేదు. మళ్లీ కొమ్మన్నే సభకు వెళ్లాడు. మళ్లీ మడుగే అడిగి వచ్చాడు.

మంద నీళ్లకు వెళ్లిన మొదటి రోజే మొసలి తూడు పట్టుకుని తేలింది. "అమ్మా, మామయ్య వచ్చాడు!" అంటూ చుక్కి నీళ్లలోకి గెంతింది. నీళ్లు ఒక్కసారి సుడి తిరిగాయి. చుక్కి మళ్లీ పైకి రాలేదు.

బెదురమ్మ కుళ్లి కుళ్లి ఏడ్చింది. రోజుల తరబడి తూడు కాదు కదా, గడ్డిపరక కూడా ముట్టలేదు. ఆమెను ఓదార్చడానికి కొమ్మన్న దగ్గరికొచ్చాడు.

"ఊరుకో చెల్లీ, అంతా మన రాత" అని నోరు తెరిచాడు.

గుప్పుమని బురద వాసన! బెదురమ్మ ఉలిక్కిపడి లేచింది.

"నీ నోరు తామర కంపు కొడుతోంది కొమ్మన్నా! ఆ రోజూ కొట్టే ఉంటుంది. అప్పుడు అదే కంపు నా నోట్లోనూ ఉండేది, అందుకే నాకు తెలియలేదు. నా బిడ్డను నేనే పోగొట్టుకున్నాను!" అని మందంతా వినేలా అరిచింది.

మరుసటి వేసవికి జింకలు కొమ్మన్నను వదిలేసి చెంగిని సభకు పంపాయి. చెంగి ఇసుక తిన్నె సాధించుకొచ్చింది. అందరూ చెలమలు తవ్వి, పిల్లలకు ముందు తాగించి, తర్వాత తాము తాగారు. తాగించడానికి పిల్ల లేక బెదురమ్మ మాత్రం ఒంటరిగా తాగింది.

నీతి: ఎవరి తిండి ఊరికే తింటామో, వారి తప్పు మనకు వాసనైనా తెలియదు.