శాలువాకు తగిలిన గాలం

నరహరిశాస్త్రిగారిని శిష్యుడెవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు తొడుక్కుని బయలుదేరేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే.

హిమాలయాల్లో ఒక ఇరుకు లోయలో ఉండేది ఆయన ఆశ్రమం. ఒక ఉదయం కూర్మనాథం అనే శిష్యుడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"గురువుగారూ, సభలో నేను వేదాంతం చెప్పడం మొదలుపెట్టిన కాసేపటికే జనం ఒక్కొక్కరే జారుకుంటున్నారు. నిన్న నా పక్కన హార్మోనియం వాయించే ఆయన కూడా పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. నాలో లోపమేమిటో చెప్పండి. లేదా నన్ను ఇంటికి పంపించేయండి," అన్నాడు.

గురువుగారు చెప్పులు తొడుక్కున్నారు.

కొండవాగు దగ్గర వైకుంఠరావుగారు ఒక బండ చాటున మోకాళ్ల మీద ఉన్నారు. రైల్వేలో రిటైరై, ఏటా వేసవిలో ఆశ్రమానికి వచ్చే పెద్దమనిషి. ట్రౌట్ చేపను గాలంతో పట్టడం, ముద్దుగా చూసుకుని మళ్లీ నీళ్లలో వదిలేయడం ఆయన సరదా. వదిలేసేదే కదా అని గురువుగారు ఊరుకునేవారు. ఆ గాలానికి ఎర ఉండదు. ఈకముక్కతో కట్టిన ఉత్తుత్తి ఈగ ఉంటుంది.

"ఒకసారి మావాడికివ్వండి," అన్నారు గురువుగారు.

వైకుంఠరావుగారు మనసొప్పకపోయినా ఇచ్చారు. "అదిగో, చేప ఆ రాయి పక్కనే ఉంది. వంగే ఉండండి బాబూ," అని గుసగుసలాడారు.

కూర్మనాథానికి ఆ మట్టిరంగు ఈగ కంటికి ఆనలేదు. వైకుంఠరావుగారి ఈగల డబ్బాలో వెతికి, ఎర్ర ఈకలూ జరీ పోగులూ ఉన్న పెద్దదాన్ని తగిలించుకున్నాడు. బండ మీదికెక్కి, శాలువా సవరించుకుని, సభనొకసారి కలయజూసినట్టు వాగును చూసి, గాలపు గడను వెనక్కి ఊపి ముందుకు విసిరాడు. దారం బిగుసుకుంది.

"పడింది! పెద్దదే పడింది!" అని కేకపెట్టి బలంకొద్దీ లాగాడు.

పడింది అతని శాలువా. పిఠాపురంలో సన్మానం చేసి కప్పినది. భుజం మీద నుంచి లేచి, తలమీదుగా ఎగిరి, మడుగులో పరుచుకుంది. దాని వెనకే తూలి కూర్మనాథమూ పడ్డాడు. అతను గట్టెక్కేసరికి పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. చేప ఎప్పుడో పోయింది. వైకుంఠరావుగారు తన గడ తాను తీసుకుని, వాగు ఎగువకు వెళ్లి మరో బండ చాటున నక్కారు.

గురువుగారు తన తువ్వాలుతో శిష్యుడి తల తుడిచారు.

"చేపకి నేను కనిపించి ఉంటానంటారా?"

"కొండమీద మేకలకి కూడా కనిపించావు నాయనా."

అంతలో ఎగువ మడుగులో నీరు చిట్లింది. వెండిలా మెరుస్తూ ఒక ట్రౌట్ గాలానికి చిక్కి గాలిలోకి లేచింది. కూర్మనాథం చలి మరిచిపోయాడు.

"చూశారా గురువుగారూ! ఆయన ఎలా పట్టారో చూశారా!"

గురువుగారు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు అటే చూశారు.

"ఎవరు? నాకు చేప ఒక్కటే కనిపిస్తోంది," అన్నారు.