పప్పు ఉడకని బావి

నరహరి అయ్యవారిని ప్రశ్న అడగడమంటే పని అడిగి పుచ్చుకోవడమే. మోక్షమంటే ఏమిటని అడిగిన ఒక పెద్దమనిషి చేత ఆయన పశువుల కొట్టం కడిగించారు. ఆ పెద్దమనిషికి మోక్షం సంగతి ఎంతవరకు బోధపడిందో నాకు తెలియదు గాని, కొట్టం మాత్రం అద్దంలా తయారైంది. అప్పటినుంచి మా ఆశ్రమంలో పాతకాపులం ప్రశ్నలు బాగా తగ్గించుకున్నాం. కొత్తగా వచ్చినవాళ్లే అమాయకంగా అడిగి ఇరుక్కుంటూ ఉంటారు.

ఆశ్రమమంటే పెద్దగా ఊహించుకోకండి. కనిగిరి దాటాక రాళ్లదిబ్బల మధ్య రెండు రేకుల షెడ్లు, ఒక వంటిల్లు, ఒక బావి. అయ్యవారు చిన్న ఊళ్లో బడిపంతులుగా పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడ తన గురువుగారి చోటుకు వచ్చి చేరారు. అందుకే ఆయన్ను ఎవరూ స్వామి అనరు. అయ్యవారనే అంటారు.

ఆ వేసవి సెలవుల్లో మాల్యాద్రి వచ్చాడు. ఒంగోలులో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాడు. నలభై దాటి ఉండవు. అయ్యవారు పంతులుగా ఉన్న ఊరే అతనిదీ. అంతకు ముందు ఏడాది అతను నడుపుతున్న మోటారు సైకిలు కంకర లారీ కింద పడింది. వెనక కూర్చున్న తమ్ముడు కేశవులు అక్కడికక్కడే పోయాడు. మాల్యాద్రికి మోచేతి మీద ఒక గీత మిగిలింది, అంతే. ఇంట్లో తల్లి ఒక్క మాట అనలేదు. తమ్ముడి భార్య అనలేదు. స్టాఫ్‌రూములో అతను వస్తే మాటలు ఆగిపోయేవట. నేను చూస్తుండగానే ఆశ్రమంలో మేమంతా వంతులవారీగా అతని భుజం తట్టి, "నీ తప్పేం లేదు నాయనా" అని చెప్పి మా పని అయిపోయినట్టు వెళ్లిపోయాం. ప్రతివాళ్లకీ అతను "అవునండీ" అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో అంత దూరంగా కనిపించాడు.

ఒక ఉదయం వసారాలో అయ్యవారి ముందు కూర్చుని అతను అడిగేశాడు.

"అయ్యవారూ, ఒంగోలులో మనసు డాక్టర్ల దగ్గరికి వెళ్లాను. మొదటాయన మాత్రలు ఇచ్చారు. నిద్ర పడుతోంది, అబద్ధం చెప్పను. కూర్చోబెట్టి వినే తీరిక ఆయనకు లేదు, బయట అంత మంది ఉంటారు. వినడానికని ఇంకొకావిడ ఉందంటే ఆమె దగ్గరికీ వెళ్లాను. చాలా మంచావిడ. అయినా నాలో ఏమీ కదల్లేదు. లోపం నా మనసులోనే ఉందా? ఇంక మీరొక్కరే ఉన్నారు. మీ దగ్గర కూడా కాకపోతే ఎవరి దగ్గరికీ పోను."

ఆ చివరి మాట అతను మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు భయం వేసింది.

అయ్యవారు కాసేపు అతని ముఖం చూశారు. "మాత్రలు మానలేదు కదా?" అన్నారు.

"లేదండీ."

"మానకు. మధ్యాహ్నానికి అందరికీ ముద్దపప్పు చెయ్యి."

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా ఆశ్రమంలో పులుసు ఉంటుంది, పచ్చడి ఉంటుంది, మజ్జిగ ఉంటుంది. పప్పు మాత్రం ఉండదు. ఎందుకుండదని మేం ఎవరం అడగం. ఒకప్పుడు వండేవాళ్లం. ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే ఉండేది. పప్పు పాతదన్నాం. కొట్టు మార్చాం. కట్టెలు పచ్చివన్నాం. గిన్నె మార్చాం. ఆఖరికి పప్పు వంటికి వేడి చేస్తుందని తేల్చి వండడం మానేశాం. బావి పేరు మాత్రం ఎవరం ఎత్తలేదు. అది అయ్యవారి గురువుగారు స్వయంగా పలుగు పట్టి తవ్విన బావి. ఎండన పడి వచ్చినవాడు ఆ నీళ్లు ఒక చెంబెడు తాగితే కూర్చున్నచోటే కళ్లు మూసుకుంటాడు, అంత చల్లన, అంత రుచి. అట్లాంటి నీటికి వంక పెట్టే నోరు మాలో ఎవరికుంది?

మాల్యాద్రి పొయ్యి ముందు కూర్చున్నాడు. పప్పు నానబెట్టాడు, మంట పెంచాడు. గరిటెతో మెదిపి మెదిపి చెయ్యి నొప్పెట్టిందేమో, మధ్యలో మోచెయ్యి పట్టుకుని కూర్చోవడం చూశాను. ఎండ నడినెత్తికి వచ్చినా పప్పు పప్పుగానే ఉంది. అదే వడ్డించాడు. ఒక్కొక్కళ్లం అన్నంలో కలుపుకుని, నెయ్యి ఎక్కువ పోసుకుని, నమలకుండా మింగాం.

"ఎట్లా ఉంది?" అన్నారు అయ్యవారు.

"బాగుంది" అన్నాం, బడిపిల్లల్లా అందరం కలిసి.

"నువ్వు చెప్పు మాల్యాద్రీ, ఎట్లా ఉంది?"

"బాగుందండీ."

అయ్యవారు నోట్లోంచి ఒక గింజ తీసి కంచం అంచున పెట్టారు. అది టిక్కుమంది.

"ఒంగోలులో ఆవిడకు కూడా ఇట్లాగే చెప్పావా?"

మాల్యాద్రి తినడం ఆపేశాడు. "అవునండీ. నేను ఇంకా మొదలుపెట్టానో లేదో, మీ తప్పేం లేదు అన్నారావిడ. నేను చెప్పబోయింది అది కాదు. ఆవిడ అంత ప్రేమగా అన్నాక కాదని ఎట్లా అనను? ఇప్పుడు బాగుంది మేడం అని లేచి వచ్చేశాను."

"పప్పు ఎందుకు ఉడకలేదు? సైన్సు అయ్యవారివి నువ్వు."

"నీళ్లలో లవణాలు ఉంటే ఉడకదండీ. కఠిన జలం. పిల్లలకు పాఠం కూడా ఉంది."

"పొద్దున తెలియలేదా?"

"తెలిసింది." అతను తల దించుకున్నాడు. "గురువుగారి బావి కదండీ. నాదే ఏదో పొరపాటు అనుకున్నాను."

మేమంతా కంచాల్లోకి చూసుకున్నాం. అయ్యవారు మిగిలిన పప్పన్నం కూడా ఓపిగ్గా నమిలి తిని లేచారు. "బావికేం, బంగారంలాంటి బావి. ఇంకెక్కడన్నా నీళ్లు చూసి మళ్లీ వండు" అని, నా వైపు తిరిగి "నువ్వు కూడా బిందె పట్టు" అన్నారు. ప్రశ్న అడగకపోయినా నాకు పని తగులుకుంది.

ఊరి చివర చేతిపంపు నీళ్లు తెచ్చాం. మాల్యాద్రి గుప్పెడు పప్పు వేసి చూశాడు. మెత్తబడినట్టే పడి బిగుసుకుంది. రైతు పొలంలో బోరు నీళ్లు తెచ్చాం. అవి ఇంకా మొండివి. నాకు విసుగొచ్చింది. అతనికి రాలేదు. సైన్సు వాడు కదా, ఇది కాదంటే ఇది కాదన్నమాటే, అంతకు మించి ఏమీ లేదన్నట్టు పారబోసి బిందె తోముకున్నాడు. గింజను వేళ్ల మధ్య నొక్కి చూసేటప్పుడు మాత్రం అతని ముఖంలో కాస్త ప్రాణం కనిపించేది.

మర్నాడు ఎండిన వాగులోకి దిగాం. ఇసుకలో చేతులతో గుంట తోడి చెలమ తీశాడు. చెలమలో నీళ్లు మనం రమ్మంటే రావు. అడుగున తడి కనిపిస్తుంది, ఆగుతుంది, మెల్లగా ఊరుతుంది. కొబ్బరిచిప్పతో ఒకసారి ముంచితే మళ్లీ ఊరేదాకా కూర్చోవాలి. ఇద్దరం చెరో వైపు కూర్చున్నాం. కనుచూపు మేర ఇసుక తప్ప ఏమీ లేదు. పక్కనే మనిషిని నేనున్నా అతను ఒక్కడే ఉన్నాడు. అట్లాంటి ఒంటరితనం నేను చావు ఇళ్లల్లో కూడా చూడలేదు. ఏదో ఒకటి అనాలని నా నాలుక దురద పెట్టింది. అనడానికి నా దగ్గర ఉన్నది మళ్లీ ఆ పాత మాటే కాబట్టి ఊరుకున్నాను. బిందె నిండేసరికి పొద్దు బాగా ఎక్కింది.

ఆ నీళ్లలో పప్పు ఉడికింది. గరిటె తగలగానే వెన్నలా జారిపోయింది. ఇన్నేళ్ల తర్వాత మా ఆశ్రమంలో ముద్దపప్పు తిన్నాం. వేడి చేస్తుందన్నవాళ్లే మారు వడ్డించుకున్నారు, అందులో నేనూ ఉన్నాను.

భోజనాలయ్యాక అయ్యవారు వసారాలో పడకకుర్చీలో కూర్చున్నారు. మాల్యాద్రి వచ్చి ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఏదో తెరిపి దొరికినట్టుంది, గొంతు మారింది.

"అయ్యవారూ, మీకే చెప్పుకుంటాను. ఆ రోజు లారీ నాకు ముందే కనిపించింది. వెనకనుంచి కేశవులు..."

అయ్యవారు చెయ్యెత్తి ఆపారు.

"నాకు చెప్పకు నాయనా. వాడికి అక్షరాలు దిద్దించింది నేను. పలక పట్టుకుని నా ఒళ్లో కూర్చునేవాడు. నువ్వు ఆ లారీ దాకా రాకముందే నేను ఏడుస్తాను. అప్పుడు నువ్వు నీ మాట మింగేసి నన్ను ఓదారుస్తావు. మీ అమ్మ దగ్గర చేస్తున్నది అదే కదా?"

మాల్యాద్రి తలెత్తాడు. "మీరు కూడా పొమ్మంటే నేను ఎక్కడికి పోను?" అన్నాడు. ఇంత నిర్దయ ఏమిటని అయ్యవారి మీద నాకు కోపం వచ్చింది.

"పొమ్మనడం లేదు. ఈ బావి ఇక్కడే ఉంటుంది, దాహమైనప్పుడల్లా రా. ఎట్లాంటి మనిషి కావాలి నీకు? అది చెప్పు ముందు."

అతను ఆలోచించాడు. ఆ సంగతి అతన్ని అంతవరకు ఎవరూ అడిగినట్టు లేదు. అతను కూడా తనను తాను అడిగి చూసుకున్నట్టు లేదు.

"నా తప్పు లేదని తొందరపడని మనిషి. ఉందని కూడా తొందరపడకూడదు. మా వాళ్లెవరూ తెలిసి ఉండకూడదు. నాతోపాటు ఆ లారీ దాకా రావాలి, అక్కడ కాసేపు ఉండాలి."

"ఆ మాటే వెళ్లగానే చెప్పు. నిద్ర మాత్రలిచ్చిన ఆయన్నే అడుగు, ఇట్లాంటి వాళ్లు ఎవరున్నారని. ఆయనకు తెలియకపోతే ఇంకొకర్ని అడుగు."

మాల్యాద్రి లేచాడు. సంచీ సర్దుకుని వచ్చి, ఆయన పాదాలకు దణ్ణం పెట్టి, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"వాళ్ల దగ్గర కూడా కుదరకపోతే, అయ్యవారూ?"

అయ్యవారు కళ్లు తుడుచుకున్నారు.

"కుదరకపోనీ. బాగుందని మాత్రం చెప్పకు."