మద్దివాగు మీద ఆరో దూలం

అనగనగా ఒక అడవిలో ఒకటే సందడి! మద్దివాగు మీద వంతెన లేస్తోంది పిల్లలూ! మృగశిర కార్తె ఇంక వారం రోజులే. వానలు పడితే వాగు పొంగుతుంది, వాగు పొంగితే అవతలి గడ్డి అవతలే ఉంటుంది, ఇవతలి కడుపులు ఇవతలే మాడతాయి. అందుకని జంతువులన్నీ పూనుకుని ఏడు దూలాల వంతెన మొదలెట్టాయి.

ఎలుగుబంటి భల్లప్ప మేస్త్రి. అడవిపంది కోరయ్య అడ్డతీగలు తెచ్చి లావుపాటి మోకు పేనేవాడు. ఒడ్డున మద్దిచెట్టు ఉంది కదా, దాని పంగలో కూర్చుని ఆ మోకును అటునించి ఇటు వేసేవాడు కొమ్మేశు అనే కోతి. వాడి సంగతే నేను చెప్పబోయేది. ఏనుగు గండయ్య మోకు లాగితే దూలం గాల్లోకి లేచేది. అప్పుడు దుప్పి చుక్కమ్మ వాగులో, సరిగ్గా ఆ దూలం కింద నిలబడి, అది దిగుతుంటే భుజంతో నెట్టి రాళ్ళ గాడిలో కూర్చోబెట్టేది. తలుచుకుంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది!

వాళ్ళకొక పద్ధతి ఉంది. దూలం లేపే ముందు భల్లప్ప "అన్నీ చూశారా?" అని అరిచేవాడు. అందరూ ఒక్క గొంతుతో "చూశాం!" అనేవారు. మొదటిరోజు నిజంగానే చూశారు. రెండోరోజు సగం చూశారు. మూడోరోజు నుంచి చూడటం మానేసి, అరవడం మాత్రం ఉంచుకున్నారు. పక్కవాడు చూసే ఉంటాడులే అని ఎవరికి వారే అనుకున్నారు. భలే పనిమంతులు కదూ!

నాలుగో దూలం లేపేటప్పుడు కొమ్మేశుకు ఒకటి కనబడింది. చెట్టు పంగకు రాసుకుని రాసుకుని మోకులో ఒక పాయ తెగింది. "మోకు సంగతి కోరయ్యది. నాకెందుకు?" అనుకున్నాడు. అందరితో కలిసి "చూశాం!" అన్నాడు.

ఐదో దూలం నాటికి మూడు పాయలు తెగాయి. కొమ్మేశు చెబుదామని నోరు తెరిచాడు. అంతలోనే కింద భల్లప్ప, "ఇన్నాళ్ళలో ఒక్కసారైనా పని ఆగిందా? ఆపినవాడి తోలు తీస్తాను!" అని మీసం మెలేస్తున్నాడు. కొమ్మేశు తెరిచిన నోరు మూసుకుని మళ్ళీ "చూశాం!" అన్నాడు.

ఆరో దూలం మొదలైంది. అన్నింట్లోకీ పెద్దది అదే!

"అన్నీ చూశారా?"

"చూశాం!"

"హైలెస్సా!" అంటూ గండయ్య లాగాడు. దూలం లేచింది. ఇంకా లేచింది. కింద చుక్కమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. పైన కొమ్మేశు మోకు వైపు చూశాడు. టప్! ఒక పాయ. టప్! ఇంకొకటి. వాడి కళ్ళ ముందే ఒక్కొక్కటీ తెగిపోతోంది!

"తోలు తీస్తే తీశాడు!" అనుకున్నాడు కొమ్మేశు.

"చుక్కక్కా! తప్పుకో! పారిపో! మోకు తెగుతోంది!"

ఆ కేక కొండ దాకా వినబడింది. చుక్కమ్మ పైకి చూడలేదు, ఎందుకని అడగలేదు. ఒక్క గెంతు గెంతింది! ఫట్‌మని మోకు తెగింది. ధభేల్‌మని దూలం పడింది. నీళ్ళు చెట్టంత ఎత్తు లేచాయి. బురదలో ఏమీ కనబడలేదు.

"అక్కా! అక్కా!" అంటూ కొమ్మేశు చెట్టు మీంచి దూకేశాడు.

చుక్కమ్మ ఒడ్డున పడి ఉంది. ప్రాణం ఉంది! ఒక రాయి ఎగిరి తగిలి వెనక కాలు మాత్రం వాచింది. కొమ్మేశు ఆమె మెడ పట్టుకుని ఏడ్చేశాడు.

ఇక చూడాలి రభస! "ఎవడ్రా మోకు పేనింది?" అని భల్లప్ప గర్జించాడు.

"నేనే పేనాను. పేనడం వరకే నా పని. పంగలో కూర్చున్నది కొమ్మేశు కాదూ?" అన్నాడు కోరయ్య.

అందరూ కొమ్మేశు వైపు తిరిగారు. "నాకేం కనబడలేదు" అనేస్తే సరిపోయేది. పైన ఏం జరిగిందో ఎవరికి తెలుసు? ఆ మాట వాడి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చుక్కమ్మ తడిసి, వణుకుతూ వాడినే చూస్తోంది.

"చూశాను," అన్నాడు కొమ్మేశు. "ఇవాళ కాదు. నాలుగో దూలం నాడే చూశాను. నా పని కాదనుకున్నాను. తర్వాత భయపడ్డాను. తప్పు నాదే అక్కా."

గండయ్య తొండం దించాడు. "మోకు సాగుతోందని నిన్నటి నుంచీ నాకు తెలుస్తూనే ఉంది. లాగడం వరకే కదా నా పని అనుకున్నాను."

కోరయ్య ముక్కుతో నేల గీరాడు. "అందులో రెండు తీగలు పోయినేడాదివి. పచ్చివాటి కోసం కొండెక్కాలంటే బద్ధకమేసింది."

మేస్త్రి చుక్కమ్మ కాలి దగ్గర చతికిలబడి అన్నాడు. "నిన్న టప్‌మన్న చప్పుడు నేనూ విన్నాను. ఎండుకొమ్మలే అని సరిపెట్టుకున్నాను. పని ఆగితే వానలొచ్చేస్తాయి కదా."

"అంటే," అంది చుక్కమ్మ, "నా నెత్తిమీద దూలం పడబోతోందని మీ నలుగురికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు."

అందరి తలలూ వాలిపోయాయి.

"రేపట్నుంచి నువ్వు వద్దమ్మా," అన్నాడు భల్లప్ప. "దూలం కింద నేను నిలబడతాను."

"అసలు కింద ఎవరైనా ఎందుకు నిలబడాలి మేస్త్రీ?" అంది చుక్కమ్మ. "దూలం చివర ఒక తీగ కట్టి, ఒడ్డు మీద నుంచే పక్కకి లాగితే గాడిలో కూర్చోదా?"

భల్లప్ప నోరు వెళ్ళబెట్టాడు. "ఇది నీకెప్పుడు తట్టిందమ్మా?"

చుక్కమ్మ కళ్ళు దించుకుంది. "రెండో దూలం నాడు. మేస్త్రికి తెలియనిదా, నేను చెప్పేదేముందిలే అనుకున్నాను. నాదీ తప్పే."

మర్నాడు కోరయ్య తెల్లారకముందే కొండెక్కి పచ్చితీగలు తెచ్చాడు. గుంపుగా అరవడం బందైపోయింది. ముందు భల్లప్ప వాగులోకి దిగి, కింద ఎవరూ లేరని తన కళ్ళతో చూసి "నేను చూశాను" అన్నాడు. తర్వాత గండయ్య, కోరయ్య, కొమ్మేశు తాము దేన్ని చూశారో పేరు పెట్టి చెప్పారు. చివర చుక్కమ్మ ఒడ్డు మీద తన తీగ ముడి లాగి చూసి చెప్పింది.

"హైలెస్సా!" దూలం లేచింది. అదే సమయానికి ఆకాశం ఉరిమింది. వాన వచ్చేసేలా ఉంది!

"ఆగండి!" అని కేక వేశాడు కొమ్మేశు.

భల్లప్పకు తిట్టు పెదవి దాకా వచ్చింది. గుటుక్కున మింగేశాడు. "ఆగాం. ఏం చూశావో చెప్పు నాయనా."

"మోకు పంగ అంచుకు జరిగింది. ఇలాగే లాగితే కోసుకుపోతుంది."

దూలాన్ని మెల్లగా దించారు. మోకు సర్దారు. మళ్ళీ అందరూ ఒకరి తర్వాత ఒకరు చూశారు. మళ్ళీ లేపారు. చుక్కమ్మ ఒడ్డున నిలబడి తీగ లాగింది. ధన్‌మని ఆరో దూలం గాడిలో కూర్చుంది! ఇంక మిగిలింది ఒక్కటే! అడవంతా కేకలే కేకలు! భల్లప్ప చెట్టు కిందికి పరుగెత్తుకెళ్ళి, పని ఆపిన ఆ కోతిని భుజాల మీద ఎక్కించుకుని వానలో గంతులేశాడు.

నీతి: ప్రమాదం ఎవరి కంట పడితే దాన్ని ఆపే బాధ్యత వారిదే. మేస్త్రి అయినా, మోకు పేనేవాడైనా "అది నా పని కాదు" అని ఊరుకుంటే, అది పక్కవాడి ప్రాణం మీదికి వస్తుంది.