ఎవరూ నొక్కని వరుస

శిష్యులు కట్టిన వెబ్‌సైటును శరభయ్య గారు ఎన్నడూ ముందు పేజీ నుంచి చూసేవారు కాదు. నరసరావుపేటలో విత్తనాల కొట్టు మీది రెండు గదుల్లో ఆయన పద్నాలుగేళ్లుగా ఈ విద్య నేర్పుతున్నారు. ఎవరు పని ముగించి తెచ్చినా, సైటు పొట్టలోంచి ఏదో ఒక పేజీ తెరవమని, దాన్ని అప్పుడే నిద్ర లేచినవాడిలా చూస్తూ, “నేనిప్పుడు ఎక్కడున్నాను?” అని అడిగేవారు. ముందు పేజీకి వారాల తరబడి నగిషీలు చెక్కినవాళ్లకు ఇది ఒళ్లుమంటగా ఉండేది. పెళ్లికూతుర్ని సింగారించి కూర్చోబెడితే, వచ్చిన పెద్దమనిషి తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెల మీద మూతలు తీసి చూసినట్టు ఉందని చాటున నవ్వుకునేవారు. హైమవతి కూడా నవ్వినదే.

ఆ హైమవతికి చదువయ్యాక మొదటి సొంత పని దొరికింది. రిటైరైన పశువుల డాక్టరు ఒకాయన, తనకు తెలిసినదంతా జనానికి పనికొచ్చేలా సైటు పెట్టమన్నాడు. గేదెలకో విభాగం, మేకలకో విభాగం, కోళ్లకో విభాగం; ఒక్కోదాని కింద జబ్బులు, మందులు. గురువు నేర్పినట్టే ప్రతి పేజీ నెత్తిన ‘మొదటి పేజీ › మేకలు › నట్టల మందు’ అని, నొక్కితే ఆ విభాగానికి తీసుకెళ్లే సన్నటి వరుస పెట్టింది. కుర్రకారు దాన్ని బ్రెడ్‌క్రంబ్ అంటారు, శరభయ్య గారు దారివరుస అనేవారు. ఆ వరుస ఫోనులో చోటు తినేస్తోందని, తీసేస్తే పేజీ కడిగిన ముత్యంలా ఉంటుందని డాక్టరు గారు పట్టుబట్టారు. మర్నాడే సైటు జనంలోకి వెళ్లాలి. మొదటి పని ఇచ్చినాయన్ని కాదనడానికి హైమవతికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే, ఆమె మనసులో తీసేయడానికే నిర్ణయం అయిపోయింది. గురువు గారు సరే అంటే బాగుంటుందని వచ్చింది.

“నెల రోజులు పరీక్షకని జనానికి లింకు ఇచ్చి చూశానండీ. వందల మంది వచ్చారు, దాన్ని నొక్కింది పదకొండు మంది. ఆ పదకొండు మంది కోసం ప్రతి పేజీ నెత్తినా ఆ బరువు ఎందుకు మాస్టారూ?”

శరభయ్య గారు వాదన పెట్టుకోలేదు. బీరువా సొరుగు లాగి, మడతల దగ్గర చిరుగుతున్న కాగితం ఒకటి తీసి ఆమె చేతికిచ్చారు. ఏదో పాత సైటులోని పేజీ, అచ్చు తీసింది. చదివి ఆ మోతాదు ఏ పంటకో చెప్పమన్నారు. ‘కలుపు మందు – మోతాదు’ అని పైన పెద్ద అక్షరాలు. కింద మందు పేరు, ఎకరానికి ఎంత, ఎన్ని నీళ్లలో కలపాలి, మొక్క ఎన్నాళ్లదై ఉండాలి. అంతా పొందికగా, చూడముచ్చటగా ఉంది. మిరప పండించే ఇంట పుట్టిన పిల్ల, పెద్దగా ఆలోచించలేదు. మిరపకేగా అంది.

ఆయన మొహం వాడిపోయింది. “దీనమ్మ అని ఒక కౌలు రైతు, ఆవిడ కూడా అలాగే అనుకుందమ్మా” అన్నారు.

కుర్రతనంలో ఆయన ఒక రైతు సంఘానికి కట్టిన సైటు అది. పంటల పేర్లన్నీ ముందు పేజీలో బొమ్మలతో సహా ఉండేవి. పంట మీద నొక్కి, కలుపు మీద నొక్కి, అంచెలంచెలుగా వస్తే ఇది మొక్కజొన్న పేజీ అని ఎవరికైనా తెలుస్తుంది. తెలుస్తుంది కదా అని పేజీలో మళ్లీ పంట పేరు రాయలేదు. పైన దారివరుస ఉండేది. చూడ్డానికి అడ్డంగా ఉందని, అద్దంలాంటి పేజీ అని నలుగురూ మెచ్చుకోవాలని, దాన్ని ఆయనే తన చేత్తో తీసేశారు. మెచ్చుకున్నారు కూడా. గుమ్మానికి తోరణం కట్టి ఆయన ఎదురుచూస్తుంటే, జనం సెర్చిలోంచి పెరటి గోడ దూకి వచ్చారు.

దీనమ్మ ఎకరం కౌలుకు తీసుకుని మిరప నాటిన మనిషి. పక్కచేను మొక్కజొన్న రైతు తన దగ్గర మిగిలిన కలుపు మందు డబ్బా ఇస్తే, ఎంత కొట్టాలో ఫోనులో వెతికింది. శరభయ్య గారి పేజీయే అన్నిటికన్నా పైన వచ్చింది. డబ్బా మీద పేరూ పేజీలో పేరూ ఒకటే కావడంతో ఇంక అనుమానపడలేదు. మొక్కజొన్నను ఏమీ చేయని ఆ మందుకు మిరప తట్టుకోలేదు; నాలుగో రోజుకి చేనంతా మాడిపోయింది. అప్పటికి నారు దొరికే అదను కూడా దాటింది. తువ్వాల్లో రెండు ఎండుమొక్కలు చుట్టుకుని సంఘం ఆఫీసుకొచ్చి, ఎవర్నీ తిట్టకుండా, ఫోను ఆయన ముందు పెట్టింది.

“ఇందులో రాసినట్టే కొట్టానయ్యా. నేనేడ తప్పు చేశానో చూపియ్యి.”

ఆయన పేజీని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపారు. మొక్కజొన్న అన్న మాట ఎక్కడా లేదు. తాను తీసేసిన ఆ సన్నటి వరుసలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. ఆ సాయంత్రమే దాన్ని తిరిగి పెట్టారు. కొన్నాళ్లకు సెర్చిలో కూడా పేజీ పేరు పక్కనే ‘పంటలు › మొక్కజొన్న › కలుపు’ అని కనబడసాగింది. పేజీ తెరవకముందే తెలిసిపోయేది. మొక్కజొన్న రైతులు వెతికితే వాళ్లకే ముందుగా దొరికేది. అన్నీ బాగుపడ్డాయి. దీనమ్మ మాత్రం ఆ ఏడు తన చేలోకి కూలీలను పిలవాల్సిన రోజుల్లో, ఊళ్లోవాళ్ల చేలల్లో మిరపకాయ కోతలకు కూలికి వెళ్లింది. ఒకసారి బస్సులోంచి ఆమెను చూశారట. దిగి పలకరించడానికి మొహం చెల్లలేదని, దిగి ఉండాల్సిందని ఆయన ఇప్పటికీ బాధపడతారు.

హైమవతి కాగితాన్ని జాగ్రత్తగా, పాత మడతల మీదే మడిచి ఇచ్చింది. డాక్టరు గారితో తానే మాట్లాడతానంది. గేదె మోతాదు మేకకు పోస్తే ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ లేచి వెళ్లబోతూ, ఆ పదకొండు మంది సంగతి ఇంకా మనసులో నలుగుతుంటే, మాస్టారూ, మీ సైటులో వరుస మళ్లీ పెట్టాక దాన్ని ఎంతమంది నొక్కారని అడిగింది.

శరభయ్య గారు కాగితాన్ని సొరుగులో పెట్టి మూశారు.

“దీనమ్మ కూడా దాన్ని నొక్కేది కాదమ్మా” అన్నారు. “చదివి, ఆగేది.”