పదును చూసుకో

మాణిక్యాంబ గారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. బొబ్బిలిలో ఆవిడ పెరటి అరుగు మీద గీత చదువుకుందామని వచ్చినవాళ్లలో సగంమంది ఆ పనులకు జడిసే మానేశారు. కుముద మాత్రం మానలేదు. మానేసి వెళ్లడానికి ఆమెకు వేరే చోటూ లేదు.

ఏడాది కిందట చెల్లెలు మంజరి గృహప్రవేశంలో, అత్తవారందరూ వింటుండగా, "చదువు అటకెక్కించి గరిటె పట్టుకున్నావు, సంబరమే!" అనేసింది కుముద. మంజరి ఆ రోజునుంచి ఫోనెత్తలేదు. ఉత్తరాలకూ బదులు లేదు.

మాఘమాసం చివర్లో ఒక ఉదయం కుముద కొత్త ఉత్తరం తెచ్చి గురువుగారి చేతిలో పెట్టింది.

"నాలుగు రోజులు కూర్చుని రాశానమ్మా. ఒక్క మాట కూడా వృథాగా లేదు. ఇది చదివైనా కరుగుతుందా?"

ఆవిడ మూడు పేజీలూ చదివారు, మడిచి బొడ్లో దోపుకున్నారు.

"రేపు బెండ విత్తాలి. ఆ మడి తవ్వు. ముందు పదును చూసుకో."

కుముద పార తీసింది. సానరాయి ముందేసుకుని పొద్దెక్కేదాకా నూరింది. అంచు మీద వెంట్రుక పెడితే తెగింది. అప్పుడు కొంగు బిగించి మడిలో దిగి ఒక్క వేటు వేసింది. పార ఖంగుమని ఎగిరి వెనక్కొచ్చింది. ఇంకొకటి వేసింది. కొబ్బరికాయంత పెళ్ల లేచింది, అరచేతిలో బొబ్బ కూడా లేచింది.

గోడవతల బట్టలారేస్తున్న సూరమ్మ ఆగలేకపోయింది. "ఏటమ్మా, బెండకాయలు ఏద్దామనా, భూదేవిని సంపేద్దామనా?"

మాణిక్యాంబ గారు బయటికొచ్చారు. "పదును చూశావా?"

"చూశానమ్మా. వెంట్రుక తెగుతోంది."

ఆవిడ నవ్వు గోడవతల సూరమ్మ నవ్వుతో కలిసిపోయింది. "పారకి కాదే పిచ్చిదానా! మట్టికి!"

కుముద ముఖం కందిపోయింది. పుస్తకాల్లో వెతుక్కుని ఇంత నేర్చుకుంది గానీ, నేలలో ఉండాల్సిన తడిని కూడా పదునే అంటారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. సిగ్గుతో బిందె ఎత్తి నీళ్లు కుమ్మరించబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"బురద చేస్తే అదీ పనికిరాదు. మెల్లగా తడుపు. తడిపాక తెల్లారేదాకా దాని జోలికి వెళ్లకు."

మర్నాడు కుముద ఒక పిడికెడు మట్టి తీసి ముద్ద చేసింది. వేలితో తాకగానే ముద్ద పొడిపొడిగా విడిపోయింది. పార తనంతట తానే దిగినట్టు దిగింది. ఎండ ముదరకముందే మడి తయారైంది, నానబెట్టిన బెండ గింజలన్నీ మట్టిలోకి వెళ్లిపోయాయి.

చేతులు కడుక్కుని వచ్చేసరికి ఉత్తరం అరుగు మీద ఉంది.

"చదివాను," అన్నారు మాణిక్యాంబ గారు. "భలే పదును. నీ పారకన్నా."

కుముద అరుగు మీదే కూలబడి మళ్లీ చదువుకుంది. 'తప్పే' అని రాసిన ప్రతిచోటా దాని పక్కనే 'కానీ' ఉంది. చాలాసేపటికి లేచి, నానబెట్టకుండా మిగిలిన బెండ గింజలు గుప్పెడు పొట్లం కట్టి, చిన్న కాగితం మీద రాసింది: 'మంజరీ, ఇవి మా గురువుగారి పెరటి బెండ గింజలు. వేపుడు నీకు ఇష్టం కదా. ఆ రోజు నేను అలా అనాల్సింది కాదు.' ఇంకా ఏదో రాయబోయి కలానికి మూత పెట్టేసింది.

పొట్లం పోస్టులో వేసి వచ్చి, గుమ్మంలో చెప్పులైనా విడవకుండా అడిగింది. "ఈసారైనా బదులు రాస్తుందంటారా అమ్మా?"

మాణిక్యాంబ గారు మడివైపు చూస్తూ అన్నారు.

"తడిపావు కదే. తెల్లారనీ."