దొరికినగుట్ట మంచి కాపరి

పలనాటి మెట్టదారిలో మిరపచేలు ముగిసి రాళ్లు మొదలయ్యే చోట ఒక చిన్న గుట్ట ఉంది. దానిని దొరికినగుట్ట అంటారు. గుట్టమీది క్రైస్తవుల గుడిలో కొలువైన మంచి కాపరి జానెడున్నర మట్టిబొమ్మ. ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది. చేతిలో చింతబరికె. గొర్రెపిల్ల ఉండవలసిన భుజాలు మాత్రం ఖాళీ. కొత్తగా వచ్చిన యాత్రికులు బొమ్మ విరిగిందేమోనని నొచ్చుకుంటారు. విరగలేదు. ఆ భుజాల కథే ఈ స్థలం కథ.

పూర్వం ఇక్కడ గుడి లేదు. గుట్టకింద తాటాకు పాకలో శౌరమ్మ అనే ఉపదేశి పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది. భక్తికి లోటులేని మనిషి; ఓర్పుకే కొంచెం కరువు. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్నది ఆమెకు పరలోక జపం తరువాతి జపం. ఆమె ప్రశ్న అడిగితే పిల్లలు ఒక్క గొంతుతో జవాబు అప్పజెప్పాలి. తడబడినవారి సంగతి చింతబరికె చూసుకునేది.

ఆ పిల్లల్లో గొర్రెల కాపరి చిన్నపయ్య కూతురు ఇన్నాసమ్మ ఒకతి. తల్లి పోయినప్పటినుంచి ఆ పిల్ల నోరు విప్పలేదు. ఏది అడిగినా బెల్లం కొట్టిన రాయిలా నిలబడేది. పండుగ దగ్గరపడింది. గురుస్వాములవారు వచ్చి పిల్లలను పరీక్షించి, జవాబు చెప్పినవారికే మొదటి సత్ప్రసాదం, అంటే పూజలో పంచే దివ్య అప్పం, ఇస్తారు.

ఒకనాడు శౌరమ్మ, తప్పిపోయిన గొర్రెను మంచి కాపరి వెదకి భుజాలమీద మోసుకొచ్చిన కథ చెప్పి, “ఆ గొర్రె ఏం చేసింది?” అని అడిగింది.

“తప్పు చేసింది!” అని పాక ఎగిరిపోయేలా అరిచారు పిల్లలు.

తప్పిపోవడానికీ తప్పు చేయడానికీ తేడా ఆమెకూ తట్టలేదు. “ఇదిగో, ఈ ఇన్నాసమ్మా అట్టాంటి గొర్రే. ఈ పండక్కి దీనికి సత్ప్రసాదం లేదు” అన్నది. ఆ పిల్ల తల వంచుకున్నది.

మరునాడు ఇన్నాసమ్మ పాకకు రాలేదు. శౌరమ్మ పట్టించుకోక, మధ్యాహ్నం గంజి తాగి నడుము వాల్చింది. బయట వడగాలి. కన్ను మూతపడిందో లేదో, ఇన్నాసమ్మ కూర్చునే చాప మూలన కాళ్లనిండా దుమ్ముతో ఒక కాపరి కూర్చుని ఉన్నాడు. అలవాటు చొప్పున ఆమె ప్రశ్న అడిగింది. ఆయన ఆ పిల్లలాగే చూస్తూ ఊరుకున్నాడు. బరికె ఎత్తబోతే చేయి లేవలేదు.

“నా భుజం తేలికైపోయింది శౌరమ్మా” అన్నాడాయన. “పోయి వెదుకు. దొరికినాక ఏమీ అడగవద్దు. పక్కన కూర్చో.”

మెలకువ వచ్చి చూస్తే చాప మూలన గుట్టమీది ఎర్రటి దుమ్ము. గాలి తెచ్చిందే కావచ్చు. శౌరమ్మ లేచింది. చెప్పులైనా తొడుక్కోకుండా, పేరుపెట్టి పిలుస్తూ గుట్ట ఎక్కింది.

పైన బండల నడుమ సన్నని ఊట. దాని పక్కన ఇన్నాసమ్మ మట్టి పిసుకుతున్నది. చుట్టూ గొర్రెల మంద, అంతా మట్టిదే. ఒక్కటి మాత్రం దూరంగా బండ సందులో ఉంది. నాలుక చివరకు వచ్చిన ప్రశ్నను శౌరమ్మ మింగేసి, పక్కన కూర్చుని తానూ మట్టి అందుకున్నది. ఆమె చేసిన గొర్రె అచ్చం పందిపిల్లలా వచ్చింది.

ఇన్నాసమ్మ దానిని చేతిలోకి తీసుకుని, “చెవులు కిందికుండాలమ్మా” అని దిద్దింది. తరువాత బండ సందు వైపు చూపించింది. “అది తప్పు చేయలా. మేత చూసుకుంటా పోయి తప్పిపోయింది. ఆ కాపరి పిలుస్తన్నాడు. దానికి ఇనబడతంది.”

శౌరమ్మ కళ్లు నిండిపోయాయి. “తప్పు చేసింది నేనే తల్లీ” అన్నది. ఆ పిల్లను భుజాలమీదికి ఎత్తుకుని, “దొరికింది! దొరికింది!” అని కేకలు వేస్తూ గుట్ట దిగింది. ఆ కేకే ఈ గుట్టకు పేరైంది.

పరీక్షనాడు గురుస్వాములవారు, “మంచి కాపరి ఎవరు?” అని అడిగారు. ఇన్నాసమ్మ ముందుకు వచ్చింది. మునివేళ్లమీద నిలబడి, కొంగున దాచిన మట్టి గొర్రెపిల్లను ఆయన భుజంమీద పెట్టింది. స్వాములవారు మొదటి సత్ప్రసాదం ఆమెకే ఇచ్చారు. పూజ ముగిసేదాకా ఆయన మెడ తిప్పలేదట.

ఆ ఏడు పిల్లలందరూ కలిసి ఊట మట్టితో ఈ కాపరిని చేశారు. దొరకబోయే గొర్రెకోసం భుజాలు ఖాళీగా ఉంచారు. చేతికర్రకు శౌరమ్మ తన బరికెను ఇచ్చేసింది. మళ్లీ ఇంకొకటి కోయలేదు.

నేటికీ పండుగనాడు చిన్నపిల్లలు ఊట మట్టితో తలా ఒక గొర్రెపిల్లను చేసి బండల్లో దాస్తారు. తల్లిదండ్రులు, జ్ఞానస్నానంనాడు బిడ్డకు పూచీపడిన జ్ఞాన తల్లిదండ్రులు వెదకాలి. దొరకగానే బిడ్డను భుజాలకెత్తుకుని ‘దొరికింది’ అని కేకవేసి గుడికి తెస్తారు. బిడ్డ తన చేతులతో గొర్రెపిల్లను కాపరి భుజంమీద ఉంచుతుంది. మాట ఆలస్యమైన పిల్లలకు ఇక్కడ గొంతు విచ్చుకుంటుందని భక్తుల నమ్మకం.

ఒక్క గొర్రెపిల్ల దొరకకున్నా పూజ మొదలు కాదు. పొద్దు వాలినా సరే, స్వాములవారితో సహా అందరూ గుట్ట ఎక్కి వెదకవలసిందే. ‘ఒక్కటేగా, పోనీ’ అన్న మాట ఈ గుట్టమీద ఎవరూ అనకూడదు.