ఎర్రకొండ లెక్క

ఒక ప్రాంతం రూపురేఖల్ని అంకెల్లో పట్టుకోవడం దామోదరం మాస్టారి విద్య. మ్యాపు మీద గళ్లు గీసి, చీటీలు తీయించి, ఏ గడి వస్తే ఆ గడికే వెళ్లి చూసి రమ్మని శిష్యుల్ని పంపేవారు. దారి లేకపోయినా, ముళ్లున్నా వెళ్లాల్సిందే. గడి మార్చుకుంటామంటే మాత్రం ఆయన దగ్గర పప్పులుడకవు.

ఒకనాడు సుమిత్ర అనే శిష్యురాలు ముఖం చిన్నబుచ్చుకుని అడిగింది. "మాస్టారూ, అంత అందమైన మా లోయ చీటీలో రాలేదు. దాన్ని వదిలేస్తే మా ప్రాంతానికి అన్యాయం కాదా? ఆ ఒక్కటీ కలిపేయనా?"

మాస్టారు అవుననలేదు, కాదనలేదు. ఎర్రకొండ సంగతి చెప్పారు.

ఆ కొండ ఉత్త బోడిదని చెప్పి ఒక కంపెనీ దాన్ని క్వారీకి అడిగింది. నిజం తేల్చమని అధికారులు మాస్టారిని పంపారు. కొండ పోతే కింద ఊరికి ఊటనీళ్లు పోతాయి. దాన్ని కాపలా కాసి అడవిగా పెంచింది ఆ ఊరివాళ్లే, వాళ్లకు పెద్ద సింహాచలమ్మ. ఆమె సంబరంగా ఆయన్ని దట్టమైన మద్దిచెట్ల వైపు తీసుకెళ్లబోయింది. చీటీలో వచ్చిన చోట్లకే వెళ్తానన్నారాయన.

"అదేటి బాబూ! మా మంచి సోటు సూడకుండానే ఎల్లిపోతారేటి?" అని ఆమె చాలా నొచ్చుకుంది.

కొండలో ముప్పాతిక భాగం అడవేనని లెక్క తేలింది. విచారణలో కంపెనీ ప్లీడరు లేచి, ఊరివాళ్లు మంచి చోట్లే చూపించి మాస్టారిని బుట్టలో వేసుకున్నారన్నాడు. మాస్టారు నోరు విప్పేలోపే సింహాచలమ్మ ఆయన చేతిలోని మ్యాపు లాక్కుని ప్లీడరు ముందు పరిచింది.

"నేను పిలిసిన సోటుకి ఈ బాబు రానేదు. మీరే ఏలెట్టండి. ఎక్కడైనా ఎట్టండి. అక్కడికే ఎల్దాం!"

ప్లీడరు వేలు మ్యాపు మీద తిరిగింది గానీ ఎక్కడా ఆగలేదు. చివరికి అధికారే తనకు తోచిన చోట్ల గుర్తులు పెట్టాడు. అందరూ కొండెక్కారు. మొదటి గుర్తు దగ్గర పచ్చగడ్డి కూడా లేదు, అంతా బండే. సింహాచలమ్మ తల దించలేదు.

"ఇక్కడ బండే బాబూ. రాసుకోండి" అంది.

తర్వాత పెట్టిన గుర్తుల్లో చాలావాటి దగ్గర చెట్ల నీడలోనే నిలబడి రాసుకోవాల్సి వచ్చింది. క్వారీ రాలేదు. ఇది చెబుతుంటే మాస్టారి ఛాతీ పొంగింది, ఆ అడవిని తానే పెంచినట్టు.

"రెండోసారి లెక్క ఎంత వచ్చింది మాస్టారూ?" అంది సుమిత్ర.

"దాదాపు అంతే. కానీ బండను కూడా రాసుకోమన్నప్పుడే నాకు తెలిసిపోయిందమ్మా, ఆ కొండ ఎవరిదో."